నాలుగో నంబరు పెట్టె

శనివారం మీటింగు లోపల ఐరీన్ చెయ్యాల్సిన పనులు, బడి వంటగదిలో సరుకుల చీటీ వెనక రాసుకున్నవి:

గుడిసె తాళానికి నూనె వెయ్యాలి.
పదకొండు పెట్టెలూ ఇంకోసారి మందునీళ్ళలో నానబెట్టి తోమాలి. మూతలు విడిగా.
తొమ్మిదో నంబరు చెట్టుకున్న మేకులు లాగెయ్యాలి.
ఎడ్విన్ ఇంటి నుంచి నిచ్చెన తెచ్చుకోవాలి.
గ్రేమ్ రాసిచ్చే రిపోర్టు టైపు చేసి, కింద సంతకం పెట్టాలి.
శనివారం టీలోకి అల్లం కేకు.
నెల్‌తో మాట్లాడాలి.

చివరిది రాసిన వెంటనే కొట్టేసింది. నిచ్చెన కోసం వెళ్తే నెల్ ఎదురుపడక మానదు, మాట్లాడక తప్పదు. దాన్ని ప్రత్యేకంగా రాసుకోవడం ఎందుకు? అయినా కొట్టేసిన గీత కింద అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి.

బుధవారం పిల్లల భోజనాలయ్యి, పెద్ద గిన్నెలు కడిగేసరికి రెండు దాటింది. ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి, ఐరీన్ నేరుగా హోల్‌బెక్ అడవికి నడిచింది. నవంబరు వాన సన్నగా, విసుగు లేకుండా పడుతోంది. గేటు పక్కన రాళ్ళతో కట్టిన గుడిసె ఉడుతలవాళ్ళది. అడవిలో ఎర్ర ఉడుతలకి గింజలు పెట్టి కాపాడే బృందాన్ని ఊళ్ళో అలాగే అంటారు. ఎడ్విన్‌తో కలిపి పదకొండుమంది మనుషులు, పదకొండు పెట్టెలు. ఒక్కొక్కరికి ఒక్కో నంబరు, గుడిసెకి ఒక్కో తాళంచెవి. ఐరీన్‌ది నాలుగో నంబరు.

తాళం తీసి, బాల్చీలో గోరువెచ్చని నీళ్ళు పోసి, గులాబీరంగు పొడి రెండు చెంచాలు కలిపింది. ముక్కు మండించే వాసన. రబ్బరు తొడుగులు వేసుకుని మొదటి పెట్టెని ముంచింది. చిన్న చెక్కపెట్టె, ముందు అద్దం పలక, పైన కీలు మీద లేచే మూత. ఉడుత తలతో మూత ఎత్తి, లోపలి హేజల్ గింజ తీసుకుని, తల వెనక్కి లాక్కుంటుంది. మూత టక్‌మని పడుతుంది. ఆ చప్పుడుతోనే వీళ్ళకి తెల్లారేది. చెట్ల మధ్య ఎక్కడో టక్, కాసేపటికి ఇంకో వైపు టక్. కనబడకపోయినా ఉన్నాయని తెలిసేది.

మే నెల మధ్య నుంచి జులై దాకా జబ్బుపడ్డ పదిహేడు ఉడుతల్ని ఏరారు. కళ్ళ చుట్టూ, మూతి చుట్టూ, వేళ్ళ సందుల్లో పుళ్ళు. కనురెప్పలు అతుక్కుపోయి, మనిషి దగ్గరికొచ్చినా పారిపోకుండా నేలమీద కూచునేవి. తెలియనివాళ్ళు మచ్చికయిందనుకుని ఫోటోలు తీసుకున్నారు. ఆ తరువాత చప్పుళ్ళు ఆగిపోయాయి. పెట్టెలన్నీ దించేశారు. ఇప్పుడు అడవిలో చెట్లకి ఉత్త మేకులే ఉన్నాయి.

మూడో పెట్టె తోముతుంటే ఐరీన్‌కి టక్‌మని వినిపించింది.

బ్రష్షు ఆపి తలెత్తింది. పదకొండు పెట్టెలూ తన చుట్టూనే ఉన్నాయి, మూతలు విడిగా గోడ వారన ఆరుతున్నాయి. బయట వాన. రేకు మీద ఏదైనా కొమ్మ పడి ఉంటుంది అనుకుంది. అలా అనుకోవడం ఈ నెలలో ఎన్నోసారో తనకే తెలియదు.

"తోముతున్నావా, కలలు కంటున్నావా?" అంటూ గ్రేమ్ ఫియరన్ తలవంచి లోపలికొచ్చాడు. బృందానికి పెద్ద. ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఐరీన్ కూతురికీ చెప్పాడు, ఐరీన్‌కీ చెప్పాడు. అందుకే ఇప్పటికీ ఆయన్ని చూడగానే ఆమె వీపు నిటారుగా అవుతుంది.

"తోముతున్నానండీ."

"మూలలు చూడు. మూలల్లోనే ఉంటుంది దరిద్రమంతా." కోటు లోపలి నుంచి మడతపెట్టిన కాగితాలు తీశాడు. "ఇదిగో రిపోర్టు. పదిహేను కాపీలు. జిల్లా ఆఫీసుకి ఒకటి, ఊరి హాల్లో ఫైలుకి ఒకటి. కింద మనిద్దరి సంతకాలు."

తొడుగు తీసి, చెయ్యి తుడుచుకుని, ఐరీన్ తీసుకుంది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. రెండో పేజీలో చూపు ఆగింది. "వ్యాధి తొమ్మిదో నంబరు పెట్టె దగ్గర మొదలైంది. మే నెల మొదటి రెండు ఆదివారాలు ఆ పెట్టెని దించి శుభ్రం చెయ్యలేదని గుడిసెలోని పట్టీ చెబుతోంది. బాధ్యులు: ఎడ్విన్ బర్కెట్."

"పేరు ఉండాలంటారా?" అంది.

"ఉండకపోతే రిపోర్టెందుకు?"

"ఆయన పోయి రెండు నెలలే కదండీ అయింది."

"నాకూ బాధగానే ఉంది ఐరీన్. ఎడ్విన్‌తో పదేళ్ళు తిరిగాను. కానీ పట్టీలో రెండు గళ్ళు ఖాళీ. ఖాళీ గళ్ళని నేను పూరించలేను." గ్రేమ్ గొంతులో కోపం లేదు, అదే ఇబ్బంది. "సరే, మంచి కబురు విను. మన రేంజర్ షోనా, వాగు పైన పైన్ చెట్లలో, ఒకదాన్ని చూసిందట. ఎర్రది. ఆడది. బతికి బయటపడ్డట్టుంది."

ఐరీన్ చేతిలో కాగితాలు కొద్దిగా వంగాయి. "ఒక్కటేనా?"

"ఒకటి ఉందంటే రెండు ఉండొచ్చు. మార్చిలో ముందు నాలుగో నంబరు పెడదాం. వాగుకి దగ్గర, పైగా మచ్చలేని పెట్టె. ఒక్క ఆదివారం తప్పలేదు నువ్వు." తలుపు దగ్గర ఆగి, పిల్లల్ని మెచ్చుకున్నట్టే తలాడించాడు. "అందరూ నీలా ఉంటే ఇంత జరిగేది కాదు."

ఆయన వెళ్ళాక ఐరీన్ మళ్ళీ తొడుగులు వేసుకుంది. నాలుగో నంబరు పెట్టె బాల్చీ పక్కనే ఉంది. దాన్ని మిగిలిన అన్నిటికన్నా ఎక్కువసేపు తోమింది. అద్దం పలక గాడిలో, కీలు వెనక, మేకు తలల చుట్టూ. నీళ్ళు చల్లారిపోయినా తోముతూనే ఉంది.

గురువారం మధ్యాహ్నం కెన్ పాత వ్యాను అడిగి తీసుకుని నిచ్చెన కోసం వెళ్ళింది. కెన్ ఆమె భర్త, పాల లారీ తోలతాడు. "నిచ్చెన ఒక్కటేగా, వచ్చేటప్పుడు ఆ ఇంటి దయ్యాన్ని కూడా ఎక్కించుకు రాకు," అని నవ్వాడు. రెండు నెలల నుంచి ఐరీన్ నిద్రలో ఏదో గొణుగుతోందని అతనికి తెలుసు. ఏమిటని అడగలేదు. అడిగే మనిషి కాదు.

ఎడ్విన్ రాతిగోడలు కట్టేవాడు. లోయలో సగం గోడలు అతని చేతివే. పెళ్ళి చేసుకోలేదు, అక్క నెల్‌తో కలిసి ఉండేవాడు. నెల్‌కి డెబ్భైతొమ్మిది. తలుపు తీసి, ఐరీన్‌ని కింది నుంచి పై దాకా చూసింది.

"వచ్చావా అమ్మాయ్. నిచ్చెన కోసమేగా. మనిషి కోసం ఎవరూ రాలేదు గానీ వస్తువుల కోసం ఇద్దరొచ్చారు."

"ఇంకొకరెవరు?"

"గ్రేమ్. తాళంచెవి ఇంకోటి ఉందేమోనని అడగడానికి. ఆయన బడిలోంచి బయటికొచ్చాడు గానీ బడి ఆయన్లోంచి ఇంకా బయటికి రాలేదు." నెల్ పక్కకి జరిగింది. "లోపలికి రా. వానలో నిలబడితే నాకేం పుణ్యం రాదు."

కెటిల్ పొయ్యి మీదే ఉంది. నెల్ టీ పోసి, పాలు తనే కలిపింది. ఎడ్విన్ కుర్చీ మీద అతని తొడుగులు అలాగే ఉన్నాయి, వేళ్ళు వంగి, లోపల చెయ్యి ఉన్నట్టే. ఐరీన్ ఆ కుర్చీలో కూచోలేదు. కిటికీ దగ్గర స్టూలు మీద కూచుంది.

"మీటింగు శనివారమేనట," అంది నెల్.

"అవునండీ."

"వాడి పేరు చదువుతారా?"

ఐరీన్ టీ కప్పు తిప్పింది. "రిపోర్టు గ్రేమ్ గారు రాశారు."

"చదువుతారన్నమాట." నెల్ రొట్టె ముక్క విరిచి వెన్న రాసింది, తినలేదు. "జూన్‌లో మీటింగులో వాణ్ణి నిలబెట్టి తప్పు పట్టినప్పుడు నేను లేను. ఇంటికొచ్చి తాళంచెవి ఇచ్చేశానన్నాడు. ఎందుకురా అంటే, నన్ను తీసెయ్యాలని చేతులెత్తారు అక్కా అన్నాడు. ఎంతమంది అంటే, అందరూ అన్నాడు."

ఎత్తిన చేతుల్లో ఐరీన్ చెయ్యి ఉంది. ముందుగా ఎత్తలేదు. చివరగా కూడా ఎత్తలేదు. మధ్యలో, ఎవరూ గమనించనప్పుడు ఎత్తింది. ఎడ్విన్ గమనించాడు. ఆమె వైపు చూసి, చిన్నగా తలూపి, తాళంచెవి గొలుసులోంచి తియ్యడానికి తంటాలు పడ్డాడు. వేళ్ళు రాళ్ళు మోసి మోసి బిరుసెక్కాయి. పక్కనున్న ఎవరో తీసిపెట్టారు.

"ఒక్కమాట అడగనా?" అంది నెల్. "ఆ రెండు ఆదివారాలూ వాడు ఇంట్లో పడుకున్నాడనేగా మీ లెక్క?"

"నడుం నొప్పేమో అనుకున్నాం."

"నడుం నొప్పి వాడికి పుట్టినప్పట్నుంచీ ఉంది. తెల్లారకముందే రొట్టె మూట కట్టుకుని వెళ్ళాడు. చీకటి పడ్డాక వచ్చాడు, తడిసి ముద్దయి. తొమ్మిదో నంబరు దగ్గర ఇంతసేపు ఏం చేశావురా అంటే, అక్కడ కాదు, ఐరీన్ వైపున్నాను అన్నాడు." నెల్ ఆమె మొహంలోకి చూసింది. "నీ వైపు ఏం పని వాడికి?"

ఐరీన్ కప్పు కింద పెట్టింది. "తెలియదండీ," అంది. తన గొంతే తనకి వేరే మనిషి గొంతులా వినిపించింది.

నిచ్చెన వెనక కొట్టంలో ఉంది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని వ్యాను పైకెక్కించి తాడుతో కట్టారు. నెల్ లోపలికెళ్ళి బిస్కట్ల డబ్బా ఒకటి తెచ్చింది. రంగు పోయిన రేకు డబ్బా.

"వాడి వెంట్రుకల కార్డులు. నాకెందుకివి? నాకున్నవే ఊడిపోతున్నాయి. షోనాకిస్తావో, మీ బడిపిల్లలకి చూపిస్తావో." డబ్బా చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదల్లేదు. "వాడు నిన్నొక్క మాట అన్లేదు అమ్మాయ్. అందరినీ అన్నాడు. గ్రేమ్‌ని అయితే తిట్టాడు కూడా. నిన్ను మాత్రం అన్లేదు. అదేమిటో నాకు అర్థం కాలేదు."

డబ్బా ఆ సాయంత్రమంతా వ్యాను ముందు సీట్లోనే ఉంది. ఐరీన్ రిపోర్టు మొదటి పేజీ టైపు చేసింది. రెండో పేజీ దగ్గర ఆపి అల్లం కేకు చెయ్యడానికి లేచింది.

శుక్రవారం బడి మధ్యాహ్నం వరకే. ఐరీన్ నిచ్చెన, మేకులు లాగే శ్రావణం, డబ్బా తీసుకుని అడవిలోకి వెళ్ళింది. తొమ్మిదో నంబరు చెట్టుకి నిచ్చెన ఆనించి ఎక్కింది. మేకులు నాలుగు, తుప్పు పట్టి బెరడులోకి దిగిపోయాయి. శ్రావణంతో పట్టి, అటూ ఇటూ కదిపి, ఒక్కొక్కటీ లాగింది. నాలుగో మేకు రాలేదు. బలం పెట్టి లాగితే తల విరిగి చేతిలోకొచ్చింది. మిగతాది చెట్టులోనే ఉండిపోయింది. దాన్ని అలాగే వదిలేసి దిగింది.

కింది మెట్టు మీద కూచుని డబ్బా మూత తీసింది.

ప్రతి పెట్టె మూత లోపలివైపు ఒక జిగురు టేపు అంటించి ఉంచుతారు. ఉడుత తల దూర్చినప్పుడు నాలుగు వెంట్రుకలు దానికి అంటుకుంటాయి. నెలకోసారి ఎడ్విన్ పదకొండు చెట్లూ ఎక్కి టేపులు మార్చి, పాతవాటిని కార్డులకి అంటించి, రేంజర్ షోనా గదికి తీసుకెళ్ళేవాడు. వచ్చేది ఎవరో చెప్పేది ఆ వెంట్రుకలే. ఎర్రవే వస్తున్నాయా, సరిహద్దు దాటి బూడిదరంగువి వస్తున్నాయా. బూడిద ఉడుతలకి ఆ జబ్బు ఏమీ చెయ్యదు, ఒంట్లో పెట్టుకుని తిరుగుతాయి. ఎర్రవాటికి తగిలితే రెండు వారాలు. అందుకే నియమం ఒకటే, గుడిసె తలుపు మీద ఎర్ర అక్షరాలతో ఉంది: బూడిదది కనబడితే ఆ రోజే షోనాకి ఫోను, గంటలో పెట్టె కిందికి, అదే చెట్టుకి బోను. చిక్కిన బూడిదదాన్ని సంచిలోకి దింపి చంపేస్తారు.

కార్డులన్నీ నంబర్ల ప్రకారం, నెలల ప్రకారం ఉన్నాయి. పరిశీలించి షోనా తిరిగిచ్చినవాటి మీద ఆమె ముద్ర ఉంది. ఐరీన్ వేళ్ళు వాటంతటవే నాలుగో నంబరు దగ్గరికి వెళ్ళాయి. జనవరి, ముద్ర. ఫిబ్రవరి, ముద్ర. మార్చి, ముద్ర. ఏప్రిల్.

ఏప్రిల్ కార్డు మీద ముద్ర లేదు. టేపు మీద ఐదారు వెంట్రుకలు. వాన వెలుతుర్లో ఏ రంగో తేలడం లేదు.

అడవి లోపల టక్‌మంది.

ఐరీన్ లేచి నిలబడింది. చప్పుడు నాలుగో నంబరు వైపు నుంచి వచ్చింది. అక్కడ పెట్టె లేదు. తనే తోమింది మొన్న. అయినా ఫెర్న్ పొదలు తొక్కుకుంటూ వెళ్ళింది. చెట్టు దగ్గర ఏమీ లేదు. నాలుగు మేకులు, వాటి కింద తడి బెరడు. చెట్టు కింద, ఫెర్న్ పొదల చాటున, ఆమె ఎప్పుడూ చూడని చోట, ఒక చదునైన రాయి వేసి ఉంది. మనిషి కూచోవడానికి సరిపోయే రాయి. గోడలు కట్టేవాళ్ళు పెట్టినట్టు, కదలకుండా, కింద చిన్న రాయి దోపి. ఆ రాయి మీద కూచుంటే పైన పెట్టె ఉండే చోటు సూటిగా కనబడుతుంది.

షోనా గది మిల్లు వెనక ఉంది. తను ఉత్తరాన స్కాట్లండ్ పిల్ల, ముప్ఫై నిండలేదు, బూట్లు విప్పకుండా బల్ల మీద కాళ్ళు పెట్టి సూప్ తాగుతోంది.

"రా ఐరీన్. కేకు తెచ్చావా, ఉత్త చేతులేనా?"

"కేకు రేపు. ఒక కార్డు చూసిపెడతావా?"

"ఎవరిది?"

"ఎడ్విన్ డబ్బాలోది."

షోనా కాళ్ళు దించింది. ఐరీన్ కార్డు బల్ల మీద పెట్టింది, మూల మీద బొటనవేలు ఆనించి. షోనా సన్నని పట్టుకారుతో ఒక వెంట్రుక లాగి, గాజుపలక మీద పెట్టి, నీలంమందు చుక్క వేసి, కడిగింది. మైక్రోస్కోపు కింద జరిపి కన్ను ఆనించింది.

ఎర్ర ఉడుత వెంట్రుకకి పొడవునా సన్నని గాడి ఉంటుంది, అందులో నీలం నిలుస్తుంది. బూడిదదానికి గాడి ఉండదు. ఈ సంగతి ఐరీన్‌కి తెలుసు, బడిపిల్లలకి తనే చెప్పింది. నీలం గీత ఉండాలి, గీత ఉండాలి అనుకుంటూ నిలబడింది. గీత ఉంటే ఏప్రిల్లో తను ఎవరికీ చెప్పని ఆ తొమ్మిది రోజులకీ ఏ అర్థమూ ఉండదు. రిపోర్టు టైపు చేసి సంతకం పెట్టొచ్చు.

"ఇది ఎర్రది," అంది షోనా. ఇంకోటి లాగింది. "ఇదీ ఎర్రదే." మూడోది పెట్టి చాలాసేపు చూసింది. "ఇది కాదు. గాడి లేదు. బూడిదది." తలెత్తింది. "ఏ పెట్టె ఇది?"

ఐరీన్ బొటనవేలు నంబరు మీద ఉంది. గోరు తెల్లబడేంత నొక్కి పట్టింది. మందు వాసన ఇంకా ఆ వేలికి పోలేదు. వాన కిటికీ మీద కొడుతోంది.

ఐరీన్ వేలు తీసింది.

"నాలుగు," అంది షోనా మెల్లగా. "నీది."

"నాదే. ఏప్రిల్లో చూశాను దాన్ని. పెట్టె మీద కూచుని తింటోంది. ఆడది. పాలతో ఉంది, చనుమొనలు నాకు స్పష్టంగా కనబడ్డాయి. తొమ్మిది రోజులు వచ్చింది. తరవాత నాకు కనబడలేదు. వెళ్ళిపోయిందనుకున్నాను."

"నాకు ఫోను చెయ్యలేదు."

"చేస్తే బోను పెట్టేదానివి. సంచి పట్టుకోమనేదానివి."

"అవును, పట్టుకోమనేదాన్ని. లేకపోతే నేనే పట్టుకునేదాన్ని. నాకేమన్నా సరదానా?" షోనా గొంతు పెరిగి, అంతలోనే తగ్గింది. "కిందటేడు నువ్వు సంచి పట్టుకున్నావుగా."

"పట్టుకున్నాను. నువ్వు కొట్టినప్పుడు నా చేతిలో కదిలింది. అది ఇంకా కదులుతోంది." ఐరీన్ చేతులకేసి చూసుకుంది. "ఇంకోటి నా వల్ల కాదనిపించింది. ఒక్కదాన్ని కాపాడదామనుకున్నాను."

గోడ మీద పదిహేడు ఎర్ర చుక్కల మ్యాపు వేలాడుతోంది. ఇద్దరూ దానికేసి చూడలేదు.

"ఏప్రిల్లో నాలుగో నంబరు కార్డు నాకు రాలేదు," అంది షోనా. "టేపు తడిసి పాడైందన్నాడు ఎడ్విన్. నేను నమ్మాను. ఆయన చేతిలో ఏదీ తడవదని నాకు తెలియాల్సింది." కార్డు తీసి అటూ ఇటూ చూస్తూ వెనక్కి తిప్పింది. అక్కడ పెన్సిలు అక్షరాలున్నాయి. చదివి, ఏమీ అనకుండా ఐరీన్ వైపు జరిపింది.

గోడల కొలతలు రాసుకునే చేతిరాత. పెద్ద పెద్ద అక్షరాలు.

"తోక వెంట్రుక ఉంది. భూతద్దంలో చూశాను. బూడిదదే.
మే 5. ఐరీన్ పెట్టె తోమడానికి దించుకెళ్ళాక బోను పెట్టాను. రాలేదు.
మే 12. దొరికింది. నేనే ముగించాను. పాలు ఎండిపోయాయి, పిల్లలు లేవు.
ఐరీన్ చెబుతుంది. ఆగాలి."

ఐరీన్ రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోతే చివరి వాక్యం ముందే కళ్ళకడ్డం పడింది. చెట్టు కింద ఆ రాయి, ఇంటి కుర్చీ మీద ఆ తొడుగులు, జూన్‌లో చేతులెత్తినప్పుడు ఆమెకేసి చిన్నగా ఊపిన ఆ తల. ఎడ్విన్ అప్పుడు కూడా ఆగి చూశాడు. సెప్టెంబరులో పోయేదాకా ఆగాడు.

"తప్పు ఆయనది కూడా," అంది షోనా, కళ్ళు తుడుచుకుంటూ. "నాకు చెప్పాల్సింది. నాలుగు నుంచి తొమ్మిదికి జబ్బుని ఉడుతే మోసుకెళ్ళిందో, బోను ముట్టుకున్న ఆయన తొడుగులే మోసుకెళ్ళాయో, ఇప్పుడెవరం చెప్పలేం. అది ఆయనకీ తెలుసు. అందుకే నోరెత్తకుండా తాళంచెవి ఇచ్చేశాడు."

"ఆయన ఆగింది నా కోసం."

"అవును," అంది షోనా. కాదని అనలేదు.

ఐరీన్ అడిగింది, "వాగు పైన చూశానన్నావే. నిజంగా ఉందా?"

"ఉంది. మూతి మీద మచ్చ, మానిన మచ్చ. వచ్చే మార్చిలో నాలుగో నంబరు పెడితే..." షోనా పూర్తి చెయ్యలేదు. బూడిదవి వచ్చే దారి ఏదో ఇప్పుడు ఇద్దరికీ తెలుసు. దారి మధ్యలో గింజల పెట్టె పెట్టి, బతికిన ఒక్కదాన్నీ అక్కడికి పిలిచేవాళ్ళు.

శనివారం ఊరి హాల్లో హీటరు సగమే పనిచేసింది. అందరూ కోట్లు విప్పకుండా కూచున్నారు. అల్లం కేకు మీద గుడ్డ కప్పి ఉంది. చివరి వరసలో, ఎవరూ పిలవకపోయినా, నెల్ వచ్చి కూచుంది. ఒళ్ళో చేతిసంచి నిటారుగా పెట్టుకుంది.

"కాపీలు పంచు ఐరీన్," అన్నాడు గ్రేమ్.

"పంచేముందు చదువుతానండీ."

"అందరికీ చదువొచ్చు."

"తెలుసు. అయినా నేనే చదవాలి."

గ్రేమ్ కళ్ళద్దాల పైనుంచి చూశాడు. ఐరీన్ లేచి నిలబడింది. మొదటి పేజీ గ్రేమ్ రాసింది రాసినట్టే చదివింది. రెండో పేజీలో మాటలు మారాయి. ఎవరో దగ్గారు. ఎవరో కుర్చీ జరపబోయి ఆపేశారు. ఆమె గొంతు వణకలేదు. వణుకుతుందేమోనని పొద్దున వంటింట్లో రెండుసార్లు పైకి చదువుకుంది. "జూన్‌లో జరిగిన మీటింగులో నేను చెయ్యెత్తాను" అన్న వాక్యం దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగింది.

చదవడం అయ్యాక కార్డు గ్రేమ్ ముందు పెట్టింది. కార్డు పక్కన తాళంచెవి పెట్టింది. అది గొలుసులోంచి పొద్దున్నే తీసి ఉంచుకుంది.

"ఇన్నాళ్ళూ?" అన్నారెవరో వెనక నుంచి. "ఆ ముసలాయన ఒక్కడూ..." ఆ మాటా పూర్తి కాలేదు. ఎత్తిన చేతులు పది ఆ గదిలోనే ఉన్నాయి.

గ్రేమ్ కార్డు చదివాడు. వెనక్కి తిప్పి చదివాడు. జేబులోంచి పెన్సిలు తీసి తన రిపోర్టులో "బాధ్యులు" అన్న వాక్యం మీద గీత గీశాడు. ఒకసారి గీసి, చాలదనుకున్నాడో ఏమో, ఇంకోసారి గీశాడు.

"రెండు గళ్ళు ఎందుకు ఖాళీ అని అడగలేదు నేను," అన్నాడు. "పిల్లల్ని అయినా అడిగేవాణ్ణి."

"నాలుగో నంబరు పెట్టం," అంది షోనా. "సోమవారం అక్కడ బోను పెడుతున్నా. ఒకరు కావాలి."

ఎవరూ కదల్లేదు.

"నేనొస్తాను," అంది ఐరీన్. "తాళంచెవి అక్కర్లేదు. సంచి పట్టుకోవడానికి."

నెల్ లేచి, చేతిసంచి సర్దుకుని, వరసల మధ్య నుంచి మెల్లగా ముందుకొచ్చింది. ఐరీన్ ఎదురుగా నిలబడింది. కొడుతుందేమో అనిపించింది ఐరీన్‌కి. కొడితే బాగుండుననిపించింది.

"నాక్కూడా ఒక కాపీ ఇవ్వు," అంది నెల్. "ఇంట్లో వాడి కుర్చీ మీద పెడతాను."

ఆ రిపోర్టు ఇప్పటికీ హాల్లో తలుపు పక్క అలమరలో, ఉడుతల ఫైల్లో ఉంది. రెండో పేజీ చివర ఇలా ఉంటుంది:

"బూడిద ఉడుత వచ్చింది నాలుగో నంబరు పెట్టెకి. చూసింది నేను. చెప్పనిది నేను. దాన్ని పట్టడానికి రెండు ఆదివారాలు ఒంటరిగా వానలో కూచున్నది ఎడ్విన్ బర్కెట్. నేను చెబుతానని ఆయన ఆగాడు. ఆయన ఉండగా నేను చెప్పలేదు.

చదివేవారికి ఒక మనవి. హోల్‌బెక్ అడవిలో నడుస్తున్నప్పుడు ఎక్కడైనా మూత పడిన చప్పుడు వినిపిస్తే, అక్కడ పెట్టె లేకపోయినా సరే, ఒక్క నిమిషం ఆగండి. ఆ చెట్టు కింద ఒక రాయి ఉంటుంది. ఎడ్విన్‌ని తలుచుకోండి."